పందిట్లో హెడ్మాస్టారి గొంతు

మొన్న మా వీధి వినాయకుడి పందిట్లో పాడటానికి వచ్చిన ఆర్కెస్ట్రా పిల్లలు నన్ను చూడటానికి ఇంటికి వచ్చారు. ఒకప్పుడు నేనూ స్టేజీల మీద పాడి బతికినదాన్నేనని ఎవరో చెప్పారట. వాళ్ళలో పాడే అమ్మాయి, "మీకు స్టేజీ మీద బాగా భయమేసిన రోజు ఏదమ్మా?" అని అడిగింది. చరణం మర్చిపోయిన రోజు గురించో, గొంతు పట్టేసిన రోజు గురించో చెబుతాననుకుంది కాబోలు. నేను చెప్పింది విన్నాక కాఫీ గ్లాసు చేత్తో అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైలలో మాట. గుంటూరు చుట్టుపక్కల శ్రీరామనవమి వచ్చిందంటే వీధికో తాటాకు పందిరి, పందిరికో స్టేజీ. తొమ్మిది రోజులూ ఒకచోట హరికథ, ఇంకోచోట నాటకం, మరోచోట మా సినిమా పాటలు. మాకు ఏడాది తిండి గింజలు సంపాదించిపెట్టేది ఆ నెలే. ఊరికి మిర్చి వచ్చేదీ అప్పుడే. గోడౌన్లు నిండిపోయి, ఖాళీ జాగా ఉన్న చోటల్లా మిరపకాయల బస్తాలు కొండల్లా పేర్చి పైన టార్పాలిన్లు కప్పేవాళ్ళు. గాలి తిరిగితే చాలు, పాడుతూ పాడుతూ తుమ్మేదాన్ని. జనం నవ్వేవాళ్ళు. అదో ముచ్చట.

మా పార్టీకి లీడరు అకార్డియన్ వాయించేవాడు. పెద్దమనిషి, మాట కరుకు. ఆ అకార్డియన్ని సొంత భార్యని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. తబలా ఆయన, గిటారు ఆయన, డ్రమ్ములు వాయించే ఆయన, మగ గొంతు పాటలకి ఒక గాయకుడు, ఆడ గొంతు పాటలకి నేను. పాటకీ పాటకీ మధ్య జనాన్ని నవ్వించడానికి ఒక మిమిక్రీ అతను. నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. రైలుబండి, కుక్కల కొట్లాట, ఎన్నికల ఉపన్యాసం, రేడియోలో వార్తలు, ఏదైనా సరే నోటితోనే దింపేవాడు. టీ తాగేటప్పుడు కూడా ఎవరో ఒకరి గొంతుతోనే మాట్లాడేవాడు. నిజం చెప్పాలంటే అతని సొంత గొంతు ఎలా ఉంటుందో మాలో ఎవరం పెద్దగా పట్టించుకున్నది లేదు.

ఆ రోజు మేం వెళ్ళిన పేటలోని స్కూల్లోనే అతను కొన్నేళ్ళు చదువుకున్నాడు. పందిరి కమిటీకి పెద్ద కూడా ఆ స్కూలు హెడ్మాస్టారే. ఆ పేటలో సగం మంది ఆయన దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళు, మిగతా సగం మంది పిల్లలు అప్పుడు తింటున్నారు. పగలు సీతారాముల కల్యాణం ఆయన చేతుల మీదుగానే జరిగింది. అది కాగానే చీరాలలో కూతురి అత్తగారింట్లో ఏదో పనుందని ఆయన రైలెక్కి వెళ్ళిపోయారు. ఆ హడావుడిలో ఆ సంగతి పేటలో చాలామందికి తెలియదు. మా భోజనాలు వాళ్ళింట్లోనే కాబట్టి మాకు తెలిసింది.

భోజనాల దగ్గర హెడ్మాస్టారి భార్య మగవాళ్ళని వరండాలో కూర్చోబెట్టింది. నాకూ, నా అయిదేళ్ళ కూతురికీ మాత్రం బయట అరుగు చివర విస్తళ్ళు వేసింది. మా ఆయనకి పత్తి జిన్నింగ్ మిల్లులో పగలు షిఫ్టు పడితే పిల్లని నా వెంట తెచ్చుకునేదాన్ని.

"పిల్ల తండ్రి ఏం చేస్తాడు?" అని అడిగింది ఆవిడ, సాంబారు పోస్తూ.

"మిల్లులో పనండీ."

"ఊఁ. మరి నిన్ను ఇలా ఊళ్ళమ్మట పంపిస్తాడా?"

పిల్ల మంచినీళ్ళ కోసం గడప దాకా వెళ్ళబోతే, "అక్కడే ఉండమ్మా, నేనే తెస్తాను" అంది. నీళ్ళు తెచ్చి పై నుంచి పోసింది. అలాంటివి మాకు అలవాటే. స్టేజీ మీద ఈలలు వేసి చప్పట్లు కొట్టేవాళ్ళే స్టేజీ దిగాక మా వంక ఇంకోలా చూసేవాళ్ళు.

భోజనాలయ్యాక స్టేజీ వెనక చేరి టీ తాగుతుంటే మిమిక్రీ అతను ఉన్నట్టుండి, "ఎవడ్రా అక్కడ లేచింది? కూర్చో!" అని గద్దించాడు. తబలా ఆయన ఉలిక్కిపడి చొక్కా మీద టీ ఒలకబోసుకున్నాడు. అచ్చం హెడ్మాస్టారే. అక్కడున్న కమిటీ కుర్రాళ్ళ మొహాలు పాలిపోయాయి. "బాబ్బాబు, ఆయన గొంతు మాత్రం స్టేజీ మీద చెయ్యొద్దన్నా. మా వీపులు పగులుతాయి" అని బతిమాలుకున్నారు. సరే చెయ్యనని మాటిచ్చాడు.

ఇక్కడ ఆ వీధి ఎలా ఉండేదో చెప్పాలి. ఒక చివర, మెయిన్ రోడ్డు వైపు, వీధికి అడ్డంగా స్టేజీ కట్టారు. స్టేజీకి రెండు పక్కలా మనుషులు ఒకరి వెనక ఒకరు పట్టేంత సందు మాత్రం వదిలారు. రెండో చివర అంతా ఖాళీ జాగా. అందులో మిర్చి బస్తాలు, వాటి పక్కన గోడౌను. జనం అటునుంచే వచ్చి, దానికి వీపు పెట్టి, మా వైపు తిరిగి కూర్చున్నారు. ముందు చాపల మీద ఆడవాళ్ళు, పిల్లలు. వెనక మగవాళ్ళు. నా కూతురు ముందు వరసలో చాప మీద కూర్చుంది.

ఇంకా పొద్దు కుంకలేదు. నేను ఒక భక్తి పాట పాడాను, గాయకుడూ నేనూ కలిసి ఒక జంట పాట పాడాం. ఆ తర్వాత మిమిక్రీ అతను మైకు అందుకుని పాసింజరు బండిని స్టేషన్లోకి తెస్తున్నాడు. అవతల దేవుడి ఊరేగింపు మొదలైందని ఎవరో తారాజువ్వలు వదులుతున్న చప్పుడు వినబడుతోంది. బండి ఆగకుండానే అతను ఆగిపోయాడు. జనం తలల మీదుగా దూరంగా చూస్తూ నిలబడ్డాడు.

"ఏవండీ... వెనక్కి చూడండి. నిప్పంటుకుంది" అన్నాడు.

జనం గొల్లుమన్నారు.

"నిజంగానండీ! బస్తాలు అంటుకున్నాయి. లేవండి!"

ఇంకా నవ్వారు. అతని గొంతు వణికింది. దానికీ నవ్వారు. మా తబలా ఆయన అలవాటు కొద్దీ, జోకు అయ్యాక వేసే దరువు ఒకటి వేశాడు. అతను ఆయాసపడుతూ దగ్గాడు. మగవాళ్ళలో ఒకాయన పొట్ట పట్టుకుని, "వన్స్ మోర్!" అని అరిచాడు.

ఇన్నేళ్ళయినా ఆ కేక నా చెవుల్లోంచి పోలేదు. నేను కూడా అప్పటి దాకా నవ్వుతూనే ఉన్నాను. అతను చూస్తున్న వైపే నేనూ తలెత్తాను. పందిరి వెనక కట్టిన రంగుకాగితాల తోరణాల పైన నల్లటి పొగ, ఆ పొగ అడుగున ఎర్రగా నాలుకలు. ఆ చివర కూర్చున్న వాళ్ళకి తోరణాలూ తాటాకులూ అడ్డం. మాకు మాత్రమే కనిపిస్తోంది. నేను ఇంకో మైకు దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నిజమేనమ్మా, లేవండి" అన్నాను. ఇద్దరం కలిసి ఏదో ప్రహసనం ఆడుతున్నాం అనుకుని చప్పట్లు కొట్టారు.

నిజం చెబితే మనుషులు చప్పట్లు కొట్టడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను.

లీడరు నా పక్కకి వచ్చి, "జనం ఒక్కసారిగా బెదిరితే తొక్కుకు చస్తారు. ఏదో ఒకటి పాడమ్మా, నెమ్మదిగా పంపిద్దాం" అన్నాడు. పాడదామని నోరు తెరిచాను. గొంతు రాలేదు. గాలి కూడా రాలేదు. చాప మీద నా కూతురు చేతులు ఊపుతూ నా వంక చూసి నవ్వుతోంది.

అప్పుడు గాలి మా వైపు తిరిగింది.

మిరపకాయల పొగ ఎప్పుడైనా పీల్చారా? పోపులో ఒక ఎండుమిరపకాయ మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది. అక్కడ కొండ తగలబడుతోంది. వెనక వరసల్లో ముందు దగ్గు, ఆ వెంటనే కేకలు, కళ్ళు పోయాయంటూ ఏడుపులు. మగవాళ్ళు లేచారు. లేచినవాళ్ళు ఎటు పరిగెత్తుతారు? వచ్చిన దారినే, ఇళ్ళ వైపు. అంటే సరిగ్గా ఆ పొగలోకి. మొదట వెళ్ళినవాళ్ళు పొగ తగిలి వెనక్కి తిరిగి, ఎదురొచ్చే వాళ్ళ మీద పడుతున్నారు.

మిమిక్రీ అతను మైకు తీసుకుని స్టేజీ వెనక తెర చాటుకి వెళ్ళిపోయాడు. పారిపోతున్నాడనుకున్నాను. మరుక్షణం పందిరికి కట్టిన మైకు హారన్లన్నీ ఒక్కసారి ఉరిమాయి.

"ఎవడ్రా అక్కడ లేచింది? కూర్చో!"

వీధి వీధంతా గడ్డకట్టింది. పరిగెత్తేవాళ్ళు ఆగిపోయారు. నమ్ముతారో నమ్మరో, కొంతమంది నిజంగానే కూర్చున్నారు.

"అటు పోతే చస్తార్రా! అందరూ స్టేజీ వైపు తిరగండి. కొంగులు, తువ్వాళ్ళు ముక్కుకి కట్టుకోండి. ముందు వరస లేవండి. స్టేజీ పక్క సందుల్లోంచి రోడ్డు మీదికి. తోసినవాణ్ణి రేపు స్కూల్లో చూసుకుంటా! రెండో వరస, మీరప్పుడే లేవొద్దు. పిల్లల్ని వెతుక్కోవద్దు. మీ పక్కన ఏ పిల్ల ఉంటే ఆ పిల్లని చంకనేసుకోండి. ఎవరి పిల్లా అని చూడొద్దు. ఎత్తుకుని నడవండి."

వరస వెనక వరస లేచింది. ఎవరూ పరిగెత్తలేదు. చలివేంద్రం కుండల్లో తువ్వాళ్ళు తడుపుకుంటున్నారు. నీళ్ళు అయిపోయాక ఎవరో పానకం గంగాళంలో ముంచి మొహానికి కట్టుకుని, అందులోని మిరియాలు తగిలి ఇంకా గట్టిగా అరిచారు.

నేను స్టేజీ మీంచి దూకి చాపల దగ్గరికి వెళ్ళాను. నా కూతురు లేదు. పిల్ల కూర్చున్న చోట ఎవరో పసిబిడ్డ ఒంటరిగా ఏడుస్తోంది. వెనక్కి వెళ్ళి వెతుకుదామని రెండడుగులు వేశాను. "ఏవమ్మా, నీకే! పక్కనున్న బిడ్డని ఎత్తుకో, నడువు!" అంది ఆ గొంతు. తెర కంతలోంచి చూశాడేమో, లేక అందరికీ కలిపి అన్నాడేమో తెలియదు. ఆ గొంతు అతనిదేనని లోకంలో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. తెలిసి కూడా భయపడ్డాను. ఎవరి బిడ్డో తెలియని ఆ బిడ్డని ఎత్తుకుని, నా బిడ్డని వదిలేసి సందులోకి నడిచాను. ఆ నడక ఎలా నడిచానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నేను సందులో ఉండగా కరెంటు పోయింది. హారన్లు మూగబోయాయి. అయినా గొంతు ఆగలేదు. తెర వెనక నుంచి, మైకు లేకుండా, దగ్గుతూ, ఆగుతూ, "మూడో వరస... నడవండ్రా... నడవండి" అని అరుస్తూనే ఉంది. ప్రతి కేకకీ అతను ఎంత పొగ మింగుతున్నాడో అప్పుడు మాకు తట్టలేదు.

రోడ్డు మీద చూసిన దృశ్యం ఇంకెక్కడా చూడలేదు. ఎవరి చంకలో చూసినా ఎవరిదో బిడ్డ. తల్లులందరూ ఇంకొకళ్ళ పిల్లల్ని ఎత్తుకుని, సొంత పిల్లల పేర్లు పెట్టి అరుస్తూ తిరుగుతున్నారు. ఒకామె పరిగెత్తుకొచ్చి నా చేతుల్లోంచి బిడ్డని లాక్కుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆమె మొహం కూడా నాకు గుర్తులేదు.

నా కూతురు హెడ్మాస్టారి భార్య చంకలో ఉంది. ఆవిడ పట్టుచీర కొంగు తడిపి పిల్ల మొహానికి చుట్టింది. నన్ను చూడగానే విరుచుకుపడింది.

"పిల్లని ఒంటరిగా వదిలేసి పాటలు పాడతావా? దాని చేతులు చూడు ఎలా వణుకుతున్నాయో! తల్లివేనా నువ్వు?"

నేను పిల్లని తీసుకుని ఏడ్చాను. ఆవిడ వెంటనే, "మా మనవణ్ణి చూశావా? నీలం చొక్కా. ఇక్కడే నా పక్కన ఉన్నాడు, నేను ఈ పిల్లని ఎత్తుకునేసరికి లేడు" అంది. ఆవిడ చేతులు నా కూతురి చేతులకన్నా ఎక్కువ వణుకుతున్నాయి. కాసేపటికి నీలం చొక్కా ఒక రిక్షా ఆయన భుజం మీద కనిపించింది. ఆవిడ రోడ్డు మీదే కూలబడిపోయింది.

అప్పుడు గాని మాకు మా మనిషి రాలేదని తెలియలేదు. లీడరు మెడలోని అకార్డియన్ తీసి రోడ్డు పక్కన పెట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు, అలాగే మోసుకుంటూ సందులోకి తిరిగి పరిగెత్తాడు. తబలా ఆయన వెనకే వెళ్ళాడు. వాళ్ళిద్దరూ బయటికి వచ్చేసరికి ఇద్దరి భుజాల మీదా మిమిక్రీ అతను వేలాడుతున్నాడు. లీడరు మెడలో అకార్డియన్ లేదు. మోయడానికి అడ్డమని స్టేజీ మీదే విప్పేశాడట. ఇంకాసేపటికి నిప్పు పందిరికి అంటుకుని స్టేజీతో పాటు అదీ బూడిదైంది. దాని గురించి ఆ పెద్దమనిషి మళ్ళీ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

ఫైరింజన్లు వచ్చినా మర్నాటి దాకా బస్తాలు కాలుతూనే ఉన్నాయి. ఊరు ఊరంతా దగ్గింది. ఒక ముసలాయన కాలు విరిగింది, చాలామందికి కళ్ళు వాచాయి. ప్రాణం మాత్రం ఎవరిదీ పోలేదు.

మర్నాడు పెద్దాసుపత్రిలో అతని మంచం పక్కన నేనూ లీడరూ కూర్చుని ఉన్నాం. గొంతు లోపలంతా బొబ్బలు, ఊపిరితిత్తులు వాచాయి, చాలా రోజులు మాట రాదు, వచ్చినా ఎలా వస్తుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అంతలో హెడ్మాస్టారు వచ్చారు. చేతిలో సంచీ, రైలు దిగి తిన్నగా వచ్చినట్టున్నారు. వెనక ఆయన భార్య. ఆయన మొహంలో కోపమో భయమో తెలియని కళ.

"స్టేషన్ దగ్గర్నుంచీ కనబడ్డ ప్రతివాడూ నా కాళ్ళ మీద పడుతున్నాడు. మీరు చెప్పబట్టి బతికామండీ అంటున్నారు. నేను చీరాల్లో ఉన్నాను మొర్రో అంటే ఒక్కడూ వినడే! ఏమిటిదంతా?" అన్నారు.

అతనికి మాట రాదు కాబట్టి నేనే చెప్పాను. మొదట జనం ఎలా నవ్వారో, తర్వాత హారన్లలోంచి ఏ మాటలు వచ్చాయో, వచ్చినవి వచ్చినట్టు చెప్పాను. తోసినవాణ్ణి స్కూల్లో చూసుకుంటా అన్నది విని ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. ఎవరి పిల్లైనా సరే చంకనేసుకోండి అన్నది చెప్పగానే నవ్వు ఆగిపోయింది. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఆ మాట నేననేవాణ్ణి కాదు" అన్నారు. "నాకు తట్టేదే కాదు. నేనక్కడ ఉంటే మా మనవణ్ణి ఎత్తుకుని అందరికన్నా ముందు పరిగెత్తేవాణ్ణి."

మంచం మీద అతను తల అడ్డంగా ఊపాడు. చేతులు జోడించబోతే ఆయన ఆ చేతులు పట్టుకుని ఆపారు.

లీడరుకి ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది. హెడ్మాస్టారి భార్య వైపు తిరిగి, "అయితే అమ్మా, ఆయన ఊళ్ళో లేరని మీకు తెలుసు కదా?" అన్నాడు.

"మొదటి కేకకే తెలుసు. తెర వెనక ఉన్నది మీ కుర్రాడేనని" అంది ఆవిడ.

ఆవిడ అన్నీ తెలిసే ఆ గొంతు మాట విందన్నమాట.

"నా చుట్టూ ఉన్నవాళ్ళు నా మొహంలోకే చూశారు. ఒకామె, 'మాస్టారు ఊరెళ్ళారన్నారు కదా' అని కూడా అంది. 'వెళ్ళలేదు, ఉన్నారు. ఆయనే చెబుతున్నారు, లేవండే' అన్నాను. ఆ మాట వెనక వరసల దాకా పోయింది."

హెడ్మాస్టారు భార్య వంక కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "జన్మలో అబద్ధం ఆడని దానివి. అంతమందిలో ఎలా ఆడావే?"

"అంతకు ముందు ఆ అబ్బాయి నిజమే చెప్పాడుగా. నవ్వారు" అంది ఆవిడ.

ఆవిడ సంచీలోంచి మజ్జిగ గిన్నె తీసి, గ్లాసులో పోసి, అతని తల తన చేత్తోనే ఎత్తి కొద్దికొద్దిగా తాగించింది. వెళ్ళేటప్పుడు నాతో, "పిల్లకి దగ్గు తగ్గకపోతే మా ఇంటికి తీసుకురా. లోపలికి రా" అని మాత్రం అంది.

అతనికి కొన్ని నెలలకి మాట వచ్చింది. ఒక్క గొంతే వచ్చింది, బొంగురుగా, గరుకుగా. రైలూ పోయింది, కుక్కలూ పోయాయి, రేడియో పోయింది. లీడరు అతన్ని వదిలిపెట్టలేదు. పాటల పేర్లు చెప్పే పని ఇచ్చి, పార్టీ నడిచినన్నాళ్ళూ వెంట తిప్పుకున్నాడు. ఆ బొంగురు గొంతు విని కొన్ని ఊళ్ళలో జనం ఈసడించుకుంటే నా గుండె చివుక్కుమనేది.

హెడ్మాస్టారు మాత్రం ఊరుకోలేదు. మరుసటేడు నవమికి అదే వీధిలో స్టేజీ ఎక్కి, ఆ రోజు మాట్లాడింది నేను కాదు, ఇతనంటూ మా వాణ్ణి పక్కన నిలబెట్టి మరీ చెప్పారు. జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. కానీ స్టేజీ దిగాక ఆయన చుట్టూనే మూగారు. అంత పెద్దమనిషి తన గొప్పని పేద కళాకారుడికి అంటగట్టాడని, ఎంత మంచి మనసని చెప్పుకున్నారు. మా వాడు అప్పుడు ఆ గుంపుకి నాలుగడుగుల అవతల, టీ కొట్టు దగ్గర ఉన్నాడు.

నేను పట్టలేక, "నీకు కోపం రావట్లేదురా? ఇంకా నమ్మట్లేదే నిన్ను!" అన్నాను.

అతను టీ ఊదుకుంటూ ఆ గుంపు వంక చూశాడు.

"నమ్మారుగా అక్కా," అన్నాడు ఆ బొంగురు గొంతుతోనే. "ఇప్పటికీ నమ్ముతున్నారు."